నల్లమచ్చలకు లేజర్: తొందరపడే ముందు తెలుసుకోండి



 ఈ సంచికలో పుండ్లు, మొటిమలు, దద్దుర్లు మానిన తరువాత చర్మము మీద మిగిలిపోయే నల్లమచ్చల గురించి, వాటికి చేసే లేజర్ చికిత్స గురించి మీతో మాట్లాడదలచాము.

పెండ్లిళ్ళ రోజులు దగ్గరపడితే మా ఓపీలో ఒక ప్రశ్న తరచుగా వింటాము. "సిస్టరమ్మా, బిడ్డకు మొటిమలైతే తగ్గినయి గాని మచ్చలు పోతలేవు. లేజర్ కొట్టిస్తే పోతయంట గదా? ఎక్కడ కొట్టిస్తే మంచిది?" పెండ్లికూతురి తల్లులే కాదు, ఆటలమ్మ పోసి తగ్గిన యువకులు, తామర మానిన చోట నడుము చుట్టూ నల్లబడిన తల్లులు, వంటింట్లో నూనె చింది చేయి కాలినవారు కూడా ఇదే అడుగుతున్నారు.

కొందరు ఎవరినీ అడగకుండానే పట్నం వెళ్ళి, ముందుగా డబ్బు కట్టి చికిత్స మొదలుపెడుతున్నారు. మచ్చ తగ్గకపోగా మరింత ముదిరిన తరువాత మా దగ్గరకు వస్తున్నారు. అప్పటికి పెండ్లి ఖర్చుకు దాచిన సొమ్ములో కొంత పోయి ఉంటుంది, పిల్ల మనస్సు నలిగి ఉంటుంది. మా ఆసుపత్రిలో లేజర్ యంత్రము లేదు. చేయించుకోమని గాని, వద్దని గాని చెప్పడం వలన మాకు వచ్చే లాభము లేదు. తెలిసి నిర్ణయించుకోవాలన్నదే మా కోరిక.

ఈ వ్యాసమంతటిలో మేము చెప్పదలచినది ఒక్కటే. మన చర్మములో నల్లమచ్చ దెబ్బ వలన పుడుతుంది. లేజర్ కూడా చర్మానికి ఒక చిన్న దెబ్బే. కాబట్టి మనకు అది మొదటి మెట్టు కాదు. మిగతా మెట్లు ఎక్కిన తరువాత, తెలిసిన డాక్టరుగారి చేతి మీదుగా, అవసరమైనవారికి మాత్రమే చేయించదగినది.

మచ్చ ఎందుకు పడుతుంది?

చర్మము పైపొర అడుగున రంగు తయారుచేసే కణాలు ఉంటాయి. అవి తయారుచేసే రంగు పదార్థమును మెలనిన్ అంటారు. తెల్లగా ఉన్న మనిషిలోను, నల్లగా ఉన్న మనిషిలోను ఈ కణాల సంఖ్య దాదాపు సమానమే. మన కణాలు ఎక్కువ రంగును, పెద్ద పెద్ద రేణువులుగా తయారుచేస్తాయి. ఎండలోని హానికరమైన కిరణాల నుండి కాపాడే గొడుగు వంటిది ఈ రంగు. మన చర్మములో లోపమేమీ లేదని ముందుగా మనస్సులో పెట్టుకోండి.

మొటిమ వాచినా, గజ్జి పుండ్లు లేచినా, దోమ కుట్టిన చోట గోకినా, కాలినా అక్కడ చర్మము వాపుకు గురవుతుంది. ఆ వాపులో పుట్టే కొన్ని రసాయనాలు రంగు కణాలను రెచ్చగొడతాయి. అవి మామూలు కంటే ఎక్కువ రంగును తయారుచేసి చుట్టుపక్కల కణాలకు పంచిపెడతాయి. పుండు మానుతుంది గాని రంగు మిగిలిపోతుంది. అదే నల్లమచ్చ. వాపు ఎంత ఎక్కువ రోజులు ఉంటే, ఎంత గిల్లితే, ఎంత గోకితే మచ్చ అంత ముదురుగా పడుతుంది. ఇది అంటువ్యాధి కాదు, రక్తము చెడిపోవుట వలన వచ్చినది కాదు, ఎవరి దిష్టీ కాదు.

మచ్చకు, గుంటకు తేడా ఉంది. మొటిమ తరువాత చర్మము నునుపుగానే ఉండి రంగు మాత్రము మారితే అది మచ్చ. చర్మము లోపలికి గుంటపడితే అది వేరే సమస్య, దానికి వైద్యము వేరు. వేలితో తడిమి చూస్తే మీకే తెలుస్తుంది.

పైపొర మచ్చ, లోపొర మచ్చ

సున్నము వేసిన గోడ మీద మరక పడిందనుకోండి. పైన పడిన మరక కొన్నాళ్ళకు పోతుంది. గోడలోకి ఇంకిన మరక అంత త్వరగా పోదు. నల్లమచ్చలు కూడా ఇలాగే రెండు రకాలు.

రంగు పైపొరలోనే ఉంటే మచ్చ గోధుమరంగులో గాని ముదురు గోధుమరంగులో గాని కనిపిస్తుంది. పైపొర కణాలు సుమారు నెల రోజులకు ఒకసారి రాలిపోయి కొత్తవి వస్తుంటాయి. కాబట్టి మళ్ళీ వాపు రాకుండా, ఎండ తగలకుండా చూసుకుంటే ఇటువంటి మచ్చ కొన్ని నెలలలో, కొందరిలో ఏడాదికి పైగా కాలములో, తనంతట తానే పలుచబడుతుంది.

వాపు తీవ్రముగా ఉండి పైపొర అడుగు భాగము దెబ్బతింటే రంగు రేణువులు లోపొరలోకి జారిపోతాయి. అక్కడి కణాలు వాటిని మింగి, అక్కడే ఉండిపోతాయి. అప్పుడు మచ్చ బూడిదరంగులో, కొంచెము నీలము కలిసినట్లు కనిపిస్తుంది. ఇది పోవడానికి సంవత్సరాలు పట్టవచ్చు, కొందరిలో పూర్తిగా పోకపోవచ్చు కూడా. చర్మవ్యాధి నిపుణులు కంటితో చూసి, అవసరమైతే వుడ్స్ దీపము అనే ప్రత్యేకమైన కాంతి కింద చూసి మచ్చ ఏ పొరలో ఉందో అంచనా వేస్తారు. ఈ పరీక్ష లేకుండా "ఇన్ని సిట్టింగులలో పోతుంది" అని ఎవరైనా మాట ఇస్తే నమ్మవద్దు.

లేజర్ అంటే ఏమిటి?

లేజర్ అనగా ఒకే రంగు కాంతిని ఒకే దిక్కుకు, ఎంతో బలముగా పంపించే యంత్రము. మొదటి లేజర్‌ను 1960లో అమెరికాలో థియోడర్ మైమన్ అనే శాస్త్రవేత్త పనిచేయించి చూపించారు. కొద్ది సంవత్సరాలలోనే లియోన్ గోల్డ్‌మన్ అనే చర్మవైద్యులు దానిని చర్మము మీద పరీక్షించడం మొదలుపెట్టారు. 1983లో ఆండర్సన్, పారిష్ అనే ఇద్దరు వైద్యులు ఒక ముఖ్యమైన సూత్రము ప్రకటించారు. సరైన రంగు కాంతిని అతి తక్కువ సమయము పాటు పంపితే, ఆ కాంతిని పీల్చుకునే పదార్థము మాత్రమే వేడెక్కి పగులుతుంది, చుట్టుపక్కల చర్మానికి వేడి పాకదు. ఈనాటి చర్మ లేజర్లు చాలావరకు ఈ సూత్రము మీదనే పనిచేస్తున్నాయి.

మన వంటి చర్మానికి ఎక్కువగా వాడేది క్యూ-స్విచ్‌డ్ ఎన్‌డి-యాగ్ లేజర్. దాని కాంతి 1064 నానోమీటర్లది, కంటికి కనబడదు. మిగతా రకాల కంటే లోతుగా వెళుతుంది, పైపొర రంగును తక్కువగా తాకుతుంది. ఒక్కొక్క దెబ్బ కొన్ని నానోసెకనులు మాత్రమే ఉంటుంది. నానోసెకను అంటే సెకనులో వంద కోట్లవ వంతు. ఆ కాంతికి రంగు రేణువులు ముక్కలవుతాయి. ఆ ముక్కలను మన శరీరములోని కణాలే నెమ్మదిగా తీసివేస్తాయి. అందుకే ఫలితము మరునాడే కనబడదు, వారాలు పడుతుంది.

మన చర్మములో చిక్కు ఎక్కడ ఉంది?

గరిడేపల్లి చుట్టుపక్కల సాగర్ ఎడమకాలువ కింద వరి పండించే కుటుంబాలకు ఒక పోలికతో చెబుతాము. వరిచేలో తుంగ మొలిస్తే దూరము నుండే గుర్తుపట్టి పీకుతాము. కాని ఊద మొలిస్తే? చిన్నప్పుడు అది వరి మొక్కలాగే ఉంటుంది. చేయి తిరిగిన కూలీలు కూడా ఒక్కోసారి ఊదతో పాటు వరిని పీకేస్తారు.

లేజర్ పని కూడా అంతే. అది వెతికేది రంగును. తెల్లని చర్మము మీద నల్లమచ్చ తుంగలాగా విడిగా కనబడుతుంది. మన చర్మములో మచ్చలో ఉన్నదీ మెలనినే, మచ్చ పక్కన ఉన్నదీ మెలనినే. ఏది మచ్చ రంగో, ఏది దేవుడిచ్చిన సహజమైన రంగో యంత్రానికి తెలియదు. శక్తి కొంచెము ఎక్కువైతే పక్కనున్న మంచి చర్మము కూడా వేడెక్కుతుంది. ఆ వేడికి వాపు వస్తుంది. వాపు వస్తే మన చర్మము ఏమి చేస్తుందో పైన చెప్పాము. మళ్ళీ రంగును తయారుచేస్తుంది. మచ్చ తీయబోయి కొత్త మచ్చ తెచ్చుకున్నట్లవుతుంది.

1975లో ఫిట్జ్‌పాట్రిక్ అనే వైద్యులు చర్మము ఎండకు ఎలా స్పందిస్తుందో చూసి దానిని రకాలుగా విభజించారు. ఇప్పుడు ఆరు రకాలుగా లెక్కిస్తున్నారు. మన ప్రాంతములో ఎక్కువమంది నాలుగు, ఐదు రకాలలోకి వస్తారు. లేజర్ తరువాత నల్లబడే ప్రమాదము ఈ రకాలలోనే ఎక్కువ. మరో నష్టము కూడా ఉంది. తక్కువ శక్తితోనైనా పదే పదే చేస్తే కొందరిలో రంగు కణాలు దెబ్బతిని చిన్న చిన్న తెల్ల చుక్కలు పడతాయి. నల్లమచ్చ కంటే తెల్లచుక్కను మాన్పడము కష్టము.

మరి లేజర్ ఎవరికి ఉపయోగము?

లేజర్ పనికిరానిదని మేము అనడం లేదు. పచ్చబొట్టు తీయడానికి, పుట్టుకతో లేక చిన్న వయస్సులో ముఖము ఒకవైపు వచ్చే కొన్ని నీలి మచ్చలకు ఈ లేజర్ మంచి ఫలితమిస్తుంది. అక్కడ రంగు లోతుగా, విడిగా ఉంటుంది, వాపుతో సంబంధము లేదు. పచ్చబొట్టు తీయించుకున్నవారిని చూసి, మొటిమల మచ్చ కూడా అలాగే పోతుందని అనుకోవడము వలన చాలామంది నిరాశపడుతున్నారు.

వాపు తరువాత వచ్చిన నల్లమచ్చల విషయములో లేజర్ మీద జరిగిన పరిశోధనలు చిన్నవి, ఫలితాలు కూడా ఒకే రకముగా లేవు. కొందరికి తగ్గింది, కొందరికి మారలేదు, కొందరికి ముదిరింది. అందుకే చర్మవ్యాధి నిపుణులు సాధారణముగా దీనిని ఎప్పుడు ఆలోచిస్తారంటే: మచ్చకు కారణమైన జబ్బు పూర్తిగా అణగి ఉండాలి. ఎండ నుండి కాపాడుకుంటూ పూతమందులు కొన్ని నెలలు క్రమముగా వాడి ఉండాలి. అయినా మచ్చ మిగిలి, అది మనిషిని బాధిస్తూ ఉండాలి. అప్పుడు తక్కువ శక్తితో, వారాల ఎడముతో, జాగ్రత్తగా మొదలుపెడతారు.

మొదటి మెట్టు: కారణాన్ని ఆపండి

కుళాయి తిప్పి ఉంచి నేల తుడిస్తే తడి ఆరదు. మొటిమలు ఇంకా వస్తుండగా మచ్చలకు వైద్యము చేయించడము అటువంటిదే. ముందు మొటిమలకు, తామరకు, గజ్జికి, దురదకు పూర్తి వైద్యము చేయించండి. తామర పైకి మానినట్లు కనబడినా డాక్టరుగారు చెప్పినన్ని వారాలు మందు వాడండి. నాట్ల కాలములో బురదలో నిలబడి కాలివేళ్ళ మధ్య పుండ్లు పడేవారు పని ముగిసిన వెంటనే కాళ్ళు కడుక్కొని పొడిగా తుడుచుకోండి. లంగా బొందు బిగించిన చోట నడుము నల్లబడితే బొందును వెడల్పు పట్టీగా మార్చుకోండి. ఒంటిని రాయితో, గరుకు పీచుతో రుద్దడము మానండి. రాపిడి కూడా వాపే.

కొందరికి బొట్టుబిళ్ళ జిగురు, తలకు వేసే రంగు పడవు. నుదుట, చెవుల దగ్గర దురద వచ్చి తరువాత నల్లబడుతుంది. అటువంటివారు ఆ వస్తువును మానితేనే మచ్చ తగ్గడము మొదలవుతుంది.

రెండవ మెట్టు: ఎండ నుండి కాపాడుకోండి

ఎండ తగిలినంత కాలము ఏ మందూ పూర్తిగా పనిచేయదు. ఎస్.పి.ఎఫ్. 30 లేక అంతకంటే ఎక్కువ ఉన్న సన్‌స్క్రీన్‌ను ముఖానికి, మెడకు కలిపి రెండు వేళ్ళ పొడవున తీసుకొని రాయాలి. బయట ఉంటే రెండు గంటలకొకసారి మళ్ళీ రాయాలి. మన వంటి చర్మమును కంటికి కనబడే వెలుతురు కూడా నల్లబరుస్తుంది. కాబట్టి ఐరన్ ఆక్సైడ్ కలిసిన, చర్మపు రంగులో ఉండే సన్‌స్క్రీన్ మచ్చలు ఉన్నవారికి ఎక్కువ మేలు.

ప్రతి ఇంటికీ సన్‌స్క్రీన్ కొనే స్తోమత ఉండదని మాకు తెలుసు. నాట్లకు, కలుపుకు వెళ్ళే అక్కలు, అమ్మలు చీర మీద నిండు చేతుల చొక్కా వేసుకొని, తలకు తువాలు చుట్టుకొని వెళ్ళడము ఎప్పటినుండో ఉన్న అలవాటే. అది మంచి అలవాటు. తువాలు కొంగును నుదుటి మీదికి, చెంపల మీదికి లాక్కోండి. బండి మీద కోదాడ, మిర్యాలగూడ వెళ్ళే పిల్లలు ముఖానికి చున్నీ, చేతులకు తొడుగులు వేసుకోండి. గొడుగు పట్టుకోవడానికి నామోషీ పడవద్దు.

మూడవ మెట్టు: డాక్టరుగారు రాసిన పూతమందు

అజెలాయిక్ ఆసిడ్, రెటినాయిడ్ రకం మందులు, నియాసినమైడ్, హైడ్రోక్వినోన్ వంటివి మచ్చను, అవసరాన్ని బట్టి రాస్తారు. వీటితో మార్పు కనబడడానికి సాధారణముగా రెండు మూడు నెలలు పడుతుంది. రెండు వారాలు వాడి "పనిచేయలేదు" అని మానేసేవారే ఎక్కువ. హైడ్రోక్వినోన్‌ను డాక్టరుగారు చెప్పిన గడువు దాటి ఏళ్ళ తరబడి వాడితే చర్మము నీలి నలుపుగా మారి, అలాగే నిలిచిపోయే ప్రమాదము ఉంది. గర్భిణులు, గర్భము కోసము చూస్తున్నవారు, పాలిచ్చే తల్లులు ముందుగానే చెప్పాలి. రెటినాయిడ్లు, హైడ్రోక్వినోన్ గర్భిణులు వాడకూడదు.

మెడికల్ షాపు ట్యూబుతో జాగ్రత్త

మేము చూసే నష్టాలలో ఎక్కువ భాగము లేజర్ వలన కంటే చీటీ లేకుండా కొన్న ట్యూబుల వలన కలుగుతున్నవే. పక్కింటివారు చెప్పారని, షాపులో ఇచ్చారని ముఖానికి రాసే క్రీములలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. ట్యూబు మీద బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, బెక్లోమెథసోన్ అనే పేర్లు ఉన్నాయేమో చదివించుకోండి. మొదటి వారములో ముఖము తెల్లబడినట్లు, నునుపుగా ఉన్నట్లు కనిపిస్తుంది. కొన్ని నెలలకు చర్మము పలుచబడి, ఎర్రటి సన్న నరాలు తేలి, మొటిమలు పొంగి, ఆడపిల్లలకు ముఖము మీద వెంట్రుకలు వస్తాయి. మానితే మంట, ఎరుపు. మళ్ళీ రాస్తే తగ్గుతుంది. ఈ విధముగా మనిషి ట్యూబుకు బానిస అవుతాడు. తామర మీద రాస్తే దురద తగ్గినట్లుండి తామర ఒళ్ళంతా పాకుతుంది.

మన దేశములో 12 కేంద్రాలలో ముఖము మీద చర్మ సమస్యతో వచ్చిన 2,926 మందిని పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనములో 433 మంది, అంటే నూటికి దాదాపు 15 మంది, ముఖానికి స్టెరాయిడ్ రాస్తున్నవారే. 2018 మార్చిలో కేంద్ర ఆరోగ్యశాఖ 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందుల జాబితాలో చేర్చింది. చాలా నెలలుగా వాడుతున్నవారు మా మాట విని ఒక్కసారిగా మానవద్దు. ట్యూబును వెంట తీసుకొని డాక్టరుగారి దగ్గరకు రండి, మెల్లగా ఎలా మానాలో చెబుతారు. ఇటువంటి చర్మము మీద లేజర్ చేయిస్తే నష్టము రెట్టింపు.

పేరు, తయారీదారు చిరునామా లేని తెల్లబరిచే క్రీములను అసలు ముట్టుకోవద్దు. కొన్నింటిలో పాదరసము ఉంటుంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో అటువంటి క్రీములు వాడినవారికి కిడ్నీ జబ్బు వచ్చినట్లు వైద్యులు గుర్తించారు.

ఇంటి చిట్కాలలో ఏవి హాని?

తామర మీద నల్లజీడి, జిల్లేడు పాలు, నూరిన వెల్లుల్లి పెట్టడము మన ఊళ్ళలో ఇంకా ఉంది. ఇవి చర్మమును కాల్చి పొక్కులు లేపుతాయి. మిగిలేది పెద్ద నల్లమచ్చ. నిమ్మరసము రాసుకొని ఎండలోకి వెళితే చర్మము కాలి నల్లబడుతుంది. టూత్‌పేస్టు, వంటసోడా కూడా వద్దు. కొబ్బరినూనె పొడి చర్మానికి మంచిదే గాని మొటిమలు ఉన్న ముఖానికి వద్దు.

అన్ని నల్లమచ్చలూ ఒకటి కావు

కొన్ని మచ్చలు లోపలి జబ్బుకు గుర్తులు. వాటికి లేజర్ కొట్టిస్తే జబ్బు దాగి ఉండి ముదురుతుంది. ఈ కింది వాటిలో ఏది ఉన్నా ముందు ఆసుపత్రికి రండి.

మెడ, చంకలు నల్లగా, మందముగా, ముఖమల్ గుడ్డలాగా మారితే షుగర్ పరీక్ష చేయించుకోవాలి. శరీరములో ఇన్సులిన్ సరిగా పనిచేయని వారిలో ఇది వస్తుంది. బరువు తగ్గితే మెడ కూడా తేరుకుంటుంది.

చేతివేళ్ళ కణుపులు నల్లబడి, నీరసము, తిమ్మిర్లు ఉంటే బి12 విటమిను లోపము కావచ్చు. ఒళ్ళంతా నల్లబడుతూ నీరసము, బరువు తగ్గడము ఉంటే ఆలస్యము చేయవద్దు.

బుగ్గల మీద, ముక్కు మీద రెండువైపులా సమానముగా వచ్చేవి మంగు మచ్చలు. వాటి వైద్యము వేరు. లేజర్ తరువాత అవి తిరిగి రావడము మరీ ఎక్కువ.

అరికాలిలో, గోటి కింద కొత్తగా నల్లమచ్చ వచ్చి పెరుగుతున్నా, ఏ మచ్చయినా రక్తము కారుతున్నా వెంటనే చూపించాలి.

మచ్చ పాలిపోయి గాని ఎర్రగా గాని ఉండి, అక్కడ స్పర్శ తెలియకపోతే కుష్ఠు కావచ్చు. దానికి మందులు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ఉచితము, త్వరగా మొదలుపెడితే పూర్తిగా నయమవుతుంది. 1915లో డాక్టర్ ఇసబెల్ కెర్ అమ్మగారు నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠు రోగుల ఆసుపత్రి మొదలుపెట్టినప్పుడు ఇప్పటి మందులు లేవు. ఈ రోజు ఉన్నాయి. ఆ మందులలో క్లోఫాజిమిన్ అనేది చర్మమును ఎరుపు నలుపుగా మారుస్తుంది. ఇది చూసి భయపడి మందు మానేసినవారు ఉన్నారు. దయచేసి మానవద్దు. కోర్సు పూర్తయిన తరువాత ఆ రంగు నెలల మీద తగ్గుతుంది, లేజర్ అవసరము లేదు.

లేజర్ చేయించుకోవాలని నిర్ణయించుకుంటే

ముందుగా చర్మవ్యాధి నిపుణులను కలవండి. ఎం.బి.బి.ఎస్. తరువాత చర్మవ్యాధులలో ఎం.డి. గాని డిప్లొమా గాని చదివి, వైద్య మండలిలో నమోదైనవారై ఉండాలి. సూర్యాపేటలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. మొదటి సలహాకు అక్కడి ఆసుపత్రి చర్మ విభాగానికి వెళ్ళవచ్చు. బ్యూటీ పార్లరులో గాని, ఆర్.ఎం.పి. వద్ద గాని లేజర్ చేయించుకోవద్దు. వెళ్ళినప్పుడు ఈ ప్రశ్నలు అడగండి:

1. నా మచ్చ పైపొరలో ఉందా, లోపొరలో ఉందా?
2. పూతమందులతో ఇంకా ప్రయత్నించవచ్చా?
3. ఏ లేజర్ వాడతారు? మా వంటి రంగు చర్మము మీద మీకు అనుభవము ఉందా?
4. యంత్రము పట్టుకునేది డాక్టరుగారేనా, మరొకరా?
5. ముందు చిన్నచోట పరీక్ష చేసి, నాలుగు నుండి ఆరు వారాలు ఆగి చూస్తారా?
6. మొత్తము ఎన్ని సిట్టింగులు, ఒక్కొక్కదానికి ఎంత? మధ్యలో ఆపితే డబ్బు తిరిగి ఇస్తారా?
7. నల్లబడితే, తెల్లచుక్కలు పడితే ఏమి చేస్తారు?

చిన్నచోట పరీక్ష చేయకుండా మొదటి రోజే ముఖమంతా చేస్తామంటే లేచి వచ్చేయండి. మొత్తము ప్యాకేజీ డబ్బు ముందే కట్టవద్దు. గర్భము, మొటిమలకు మింగే మాత్రలు, పెదవుల దగ్గర పదే పదే వచ్చే నీటిపొక్కులు, గాయము మానిన చోట కండ పెరిగే స్వభావము, వాడుతున్న మందులన్నీ దాచకుండా చెప్పండి. చికిత్స సమయములో రోగికీ, గదిలో ఉన్న ప్రతి ఒక్కరికీ కళ్ళకు రక్షణ ఉండాలి. ఈ కాంతి కంటిలో పడితే చూపు పోగలదు.

చేసిన తరువాత చల్లని తడిగుడ్డ పెట్టండి. గోకవద్దు, పొట్టు లాగవద్దు, బ్లీచింగ్, ఫేషియల్ చేయించవద్దు, ఎండలోకి వెళ్ళవద్దు. పొక్కులు లేచినా, చీము పట్టినా, మంట ఒక రోజు దాటినా చేసిన డాక్టరుగారికి వెంటనే చూపించండి. లేజర్ వలన వచ్చే నలుపు కొన్ని వారాల తరువాత బయటపడుతుంది. అందుకే పెండ్లికి మూడు నెలల లోపు కొత్తగా లేజర్ మొదలుపెట్టవద్దని మా సలహా. చిన్నపిల్లల దోమకాటు, పుండ్ల మచ్చలకు లేజర్ జోలికి పోవద్దు. వారికి కాలమే మందు.

తల్లిదండ్రులకు, సంఘ పెద్దలకు ఒక మాట

మచ్చ ఉన్న బిడ్డను రోజూ అద్దము ముందు నిలబెట్టేది చాలాసార్లు మన మాటలే. "నల్లబడ్డావేంటి," "ముఖము నిండా మచ్చలేంటి," "ఎవరు చేసుకుంటారు" అని చుట్టాలు అనే మాట చర్మము కంటే లోతుగా దిగుతుంది. ఆ మాటకే పిల్లలు దొంగచాటుగా ట్యూబులు కొని రాస్తున్నారు, కాలేజీకి, ఆరాధనకు రావడము మానుతున్నారు. పిల్ల చదువు, గుణము, ఆరోగ్యము అడగవలసిన పెండ్లిచూపులలో మొటిమ మచ్చ లెక్కకు రావడము మన కుటుంబాలలో ఉండదగినది కాదు. సంబంధము మాట్లాడే పెద్దలు ఈ విషయములో ముందుగా నోరు తెరవాలని మా మనవి. బిడ్డ దిగులుగా, ఒంటరిగా ఉంటే దానిని కూడా జబ్బుగానే చూసి మా దగ్గరకు తీసుకొని రండి.

మచ్చకు వైద్యము కోరుకోవడములో తప్పు లేదు, సిగ్గుపడవలసినది లేదు. కారణాన్ని ఆపి, ఎండను తప్పించి, మందును ఓపికగా వాడినవారిలో చాలామందికి లేజర్ అవసరమే రాదు. ట్యూబులు, మందుచీటీలు ఏవి ఉన్నా వెంట తెచ్చుకొని ఓపీకి రండి, కూర్చొని కలిసి చూద్దాము. ప్రభువు మీ కుటుంబములను ఆరోగ్యముతో కాపాడును గాక.

ఇట్లు,
నర్సింగ్ సూపరింటెండెంట్, నర్సింగ్ సిబ్బంది తరఫున